‘ఆయన ఎప్పుడూ అంతే’ అనే ముందు: భాగస్వామిని చూసే మన చూపును సరిచూసుకోవడం ఎలా?

“ఆయన మారిపోయారా, లేక నాకే అలా కనిపిస్తోందా?” ఈ ప్రశ్న నన్ను రకరకాలుగా అడుగుతూనే ఉంటారు. బ్రాడీపేట నుంచి ఒకరు, పటమట నుంచి ఒకరు, మొన్న మంగళగిరి నుంచి పెళ్ళి కుదిరిన ఒక అబ్బాయి. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకన్నా మొత్తం వరసగా రాసిపెడితే మేలనిపించింది.

మన బుర్ర ముందు తీర్పు రాసేసుకుని ఆ తర్వాత సాక్షుల్ని వెతుక్కుంటుంది. దగ్గరి మనిషి విషయంలో ఇది మరీ ఎక్కువ. ఇది నోటు పుస్తకంలో రాసుకుంటూ చేసే రెండు వారాల పద్ధతి. ఇందులో మనం చేసేదల్లా సాక్ష్యాన్ని ముందు రాసుకుని, తీర్పును కొంచెం వెనక్కి జరపడమే. ఎదుటి మనిషిని మార్చే ఉపాయాలు ఇందులో లేవు. అవి కావాలనుకునేవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు, నేనేమీ అనుకోను.

## 1. ముందుగా: ఇది ఎవరికి పనికిరాదు

మీ ఇంట్లో చెయ్యి చేసుకోవడం, బెదిరించడం, జీతం లాక్కోవడం, ఫోన్ గుంజుకోవడం, పుట్టింటికి వెళ్ళనివ్వకపోవడం లాంటివి జరుగుతుంటే ఈ పద్ధతి మీకు వద్దు. అక్కడ సరిచేసుకోవాల్సింది మీ చూపు కాదు. మహిళా హెల్ప్‌లైన్ 181, అత్యవసరమైతే 112. గృహ హింస నుంచి రక్షణకు 2005లో వచ్చిన చట్టం ఉంది. “నేనే తప్పుగా అర్థం చేసుకుంటున్నానేమో” అని పుస్తకం ముందేసుకుని కూర్చుంటే అలాంటి ఇంట్లో ప్రమాదం పెరుగుతుంది.

మనసు మరీ కుంగిపోయి నిద్ర, తిండి దెబ్బతింటుంటే ముందు టెలి మానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి. పుస్తకం ఎక్కడికీ పోదు.

## 2. ఏం సిద్ధం చేసుకోవాలి

- ఒక చిన్న నోటు పుస్తకం, పెన్ను. ఫోన్‌లో వద్దు. రాస్తుండగానే వాట్సాప్ మోగుతుంది, ఇక రాత అక్కడితో సరి.
- రోజుకు పది నిమిషాలు. పిల్లలు పడుకున్నాకో, పొద్దున కాఫీ అప్పుడో. గుంటూరు నుంచి బెజవాడకు రోజూ బస్సులో తిరిగేవాళ్ళకు సీటు దొరికిందంటే అంతకన్నా మంచి చోటు లేదు.
- ఒకే ఒక్క విషయం. “మా సంసారం” అని పెట్టుకోకండి. “సాయంత్రం ఆలస్యంగా రావడం”, “మా అమ్మతో మాట్లాడే తీరు”, “డబ్బు ఖర్చు”, వీటిలో ఏదో ఒకటి.

గొడవైన రోజు మొదలుపెట్టకండి. ఆ రోజు రాసేదాంట్లో సాక్ష్యం ఉండదు, ఛార్జిషీటు ఉంటుంది. రెండు రోజులు ఆగండి.

ఇంకొకటి, ఈ పని చేస్తున్నట్టు అమ్మకో అక్కకో చెప్పకండి. ప్రేమతోనే అయినా వాళ్ళు మీ పక్షాన సాక్ష్యాలు పోగుచేయడం మొదలుపెడతారు. “అప్పుడే చెప్పాను కదే” అనే మాట ఒక్కటి చాలు, రెండు వారాల శ్రమ బూడిదలో పోసినట్టే.

## 3. మొదటి నాలుగు రోజులు: జరిగింది ఒక పక్క, అనుకున్నది ఒక పక్క

మొత్తంలో అసలు పని ఇదే. మిగతావి కుదరకపోయినా ఇది మాత్రం వదలకండి.

పేజీ మధ్యలో నిలువుగా గీత కొట్టండి. ఎడమ పక్క “జరిగింది”, కుడి పక్క “నేను అనుకున్నది”. ఎడమ పక్క ఏం రాయాలో తేల్చుకోవడానికి ఒక గుర్తు చెప్తాను: అక్కడ సీసీ కెమెరా ఉంటే దానికి ఏం కనిపించేది, ఏం వినిపించేది? అంతవరకే రాయాలి. కెమెరాకి “నిర్లక్ష్యం” కనిపించదు. “ఎగతాళి” కనిపించదు. టైము కనిపిస్తుంది, మాట వినిపిస్తుంది.

ఒక ఉదాహరణ. ఆమె బెంజ్ సర్కిల్ దగ్గర ఆఫీసు అయ్యాక ఆయన కోసం ఎదురుచూస్తోంది.

జరిగింది: “ఆరున్నరకు వస్తానన్నారు. ఏడుంపావుకు వచ్చారు. నేను రెండుసార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు. వచ్చాక ‘పద, ఎక్కు’ అన్నారు.”

నేను అనుకున్నది: “నా టైముకు విలువే లేదు. అదే అత్తయ్యగారైతే ఇలా రోడ్డు మీద నిలబెట్టేవారా?”

చూశారా, అత్తయ్యగారు ఆ సాయంత్రం ఎక్కడా లేరు. అయినా వచ్చి కుడి పక్క కూర్చున్నారు. అసలు కోపం ఆలస్యం మీదా, లేక పాత లెక్క ఏదైనా ఉందా అన్నది ఇలా రాస్తేనే బయటపడుతుంది.

ఇప్పుడు అదే సంఘటనకు ఇంకో మూడు కారణాలు రాయండి. వారధి మీద ట్రాఫిక్ ఆగిపోయి ఉండొచ్చు. బండి నడుపుతూ ఫోన్ తీయలేదేమో. మీరు ఆఫీసు లోపలే కూర్చుని ఉన్నారనుకున్నారేమో. మూడూ మంచి కారణాలే కానక్కర్లేదు. “టైము విషయంలో ఈయనకు నిజంగానే పట్టింపు లేదు” అన్నది కూడా ఒక కారణమే, అదీ రాయండి. ఎదుటివాళ్ళను బలవంతంగా దేవుళ్ళను చేయమని నేను చెప్పడం లేదు. ఒకే కారణం దగ్గర ఆగిపోకుండా ఉండటమే కావలసింది.

చివరగా ఒక వాక్యం: “పోయినసారి నేను ఆలస్యం చేసినప్పుడు ఏం కారణం చెప్పాను?” మనం ఆలస్యమైతే ట్రాఫిక్, వాళ్ళు ఆలస్యమైతే స్వభావం. మనుషులంతా చేసే ఈ పొరపాటుకు 1977లో లీ రాస్ అనే మనస్తత్వవేత్త పేరు కూడా పెట్టాడు. ఎదుటి మనిషి చేసినదానికి పరిస్థితిని వదిలేసి గుణాన్నే కారణంగా చూడటం అన్నమాట. పేరు గుర్తుండక్కర్లేదు, ఆ చివరి వాక్యం మాత్రం మర్చిపోకండి.

ఈ నాలుగు రోజుల్లో ఎక్కువమంది చేసే తప్పులు:

- ఎడమ పక్క “మొహం మాడ్చుకున్నారు” అని రాయడం. అది మీ అర్థం. “మాట్లాడలేదు, టీవీ చూశారు” అని మార్చండి.
- “మళ్ళీ” అని రాయడం. కెమెరాకు నిన్నటిది తెలియదు. కొట్టేయండి.
- మూడు కారణాలు తట్టకపోవడం. అదే సంఘటన మీ తమ్ముడి వల్లో, ఆఫీసులో మీకు ఇష్టమైన మనిషి వల్లో జరిగిందనుకుని చూడండి. వెంటనే నాలుగు తడతాయి.

## 4. అయిదో రోజు నుంచి ఏడు రోజులు: ‘ఎప్పుడూ’, ‘అస్సలు’ అన్నవాటిని లెక్కపెట్టండి

మీ కుడి పక్క రాతల్లో “ఎప్పుడూ”, “అస్సలు”, “ఏనాడూ” అనే మాటల కింద గీత గీయండి. వాటిలో ఒకటి తీసుకోండి. “ఏనాడూ ఇంటి పని పట్టించుకోరు” అనుకుందాం.

ఏడు రోజులపాటు రెండు గుర్తులు పెట్టండి. పట్టించుకోనప్పుడు ఒక గీత, పట్టించుకున్నప్పుడు ఒక చుక్క. ఎంత చిన్నదైనా చుక్క పడాలి. తాగిన గ్లాసు సింకులో పెట్టినా చుక్కే.

దీనికి ఒక కారణం ఉంది. 1980లో రాబిన్సన్, ప్రైస్ అనే ఇద్దరు పరిశోధకులు దంపతుల ఇళ్ళకు పరిశీలకుల్ని పంపారు. భార్యాభర్తలు ఒకరికొకరు చేసుకునే మంచి పనులను ఆ పరిశీలకులూ లెక్కపెట్టారు, దంపతులూ లెక్కపెట్టారు. సంసారం సరిగ్గా సాగని జంటలు అందులో దాదాపు సగం మంచిని గమనించనే లేదు. జరగక కాదు, కంటికి ఆనక.

ఒకసారి “వీళ్ళింతే” అని ముద్ర వేశాక, దానికి సరిపోయేవే కనిపిస్తాయి. సరిపోనివి “ఏదో ఈరోజు మూడ్ బాగుంది” అని కొట్టుకుపోతాయి. అందుకే చుక్కను వెంటనే పెట్టాలి. రాత్రికి గుర్తుచేసుకుని పెడదామంటే గీతలే మిగులుతాయి.

ఏడు రోజులయ్యాక ఏం తేలినా సరే, తేలినట్టే ఒప్పుకోండి. గీతలు 19, చుక్కలు 2 వస్తే మీరు అనుకున్నది చాలావరకు నిజమే. అప్పుడు మాట్లాడాల్సింది పని గురించి, మీ చూపు గురించి కాదు. ఈ పద్ధతి భాగస్వామిని వెనకేసుకురావడానికి పెట్టింది కాదు.

## 5. పదకొండో రోజు: పనుల శాతం

ఇది ఇద్దరూ కలిసి చేసేది. పావుగంట పని.

1. ఇద్దరూ చెరో కాగితం తీసుకోండి.
2. ఇంటి పనుల్లో నేను చేసేది నూటికి ఎంత అనేది రాయండి. ఒకరిది ఒకరు చూడకూడదు.
3. రెండూ కూడండి.
4. ఆ తర్వాతే, ఎవరు ఏమేం చేస్తున్నారో జాబితాలు రాసి, కాగితాలు మార్చుకోండి.

మా ఇంట్లో నేను 55 రాశాను. మా ఆవిడ 80 రాసింది. మొత్తం 135. నాకు మొదట నవ్వొచ్చింది, తర్వాత జాబితాలు చూసేసరికి నవ్వు పోయింది. నా దాంట్లో పాలు తేవడం, గ్యాస్ బుక్ చేయడం, కరెంటు బిల్లు, ఆదివారం కూరగాయలు, బండి సర్వీసింగ్. ఆమె దాంట్లో మా అమ్మ బీపీ మాత్రలు ఎన్ని మిగిలాయో చూసుకోవడం, పాప స్కూలు వాట్సాప్ గ్రూపులో రేపు ఏం పంపమన్నారో చూడటం, పిండి రుబ్బి పెట్టడం, పనమ్మాయి రాని రోజు గిన్నెలు. వీటితో పాటు ఎవరు మనకు ఎంత చదివించారు, ఇప్పుడు వాళ్ళింట్లో పెళ్ళికి మనం ఎంత చదివించాలి అన్న లెక్క మొత్తం ఆమె తలలోనే ఉందట. అది కూడా ఒక పనేనని నాకు అప్పటిదాకా తట్టలేదు. అటు ఆమెకూ, మోటారు రిపేరు కోసం నేను మూడుసార్లు తిరిగిన సంగతి తెలియదు.

ఇది మా ఇంటి విచిత్రమేమీ కాదు. 1979లో మైకేల్ రాస్, ఫియోరె సికోలీ 37 జంటలను 20 సంసార విషయాల గురించి విడివిడిగా అడిగారు. చాలా పనుల్లో ఇద్దరి వాటాలూ కలిపితే మొత్తాన్ని మించిపోయాయి. మన కష్టం మనకు ప్రతి నిమిషమూ తెలుస్తుంది, ఎదుటివాళ్ళది మన కళ్ళ ముందు జరిగినంతే తెలుస్తుంది. అబద్ధం ఎవరూ ఆడటం లేదు.

జాగ్రత్త: “నువ్వు 80 ఎలా రాశావు?” అని మొదలుపెడితే ఆ రాత్రి భోజనం ఉండదు. అంకెను వదిలేసి “నీ జాబితాలో నాకు తెలియనివి ఏవి?” అని అడగండి.

## 6. ఇంకా పెళ్ళి కాలేదా? ఒక అదనపు మెట్టు

పైన చెప్పినవన్నీ మంచి కనిపించకపోవడం గురించి. కొత్త ప్రేమలోనూ, పెళ్ళిచూపుల్లోనూ జరిగేది దీనికి తిరగబడి ఉంటుంది. ఒక మంచి లక్షణం కనిపిస్తే మిగతావన్నీ మనమే నింపేసుకుంటాం. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, కాస్త పొడుగు, అత్తయ్యగారి కాళ్ళకు దండం పెట్టాడు, ఇంకేం, ఓర్పు కూడా ఉండే ఉంటుంది, డబ్బు జాగ్రత్తా ఉండే ఉంటుంది. అమెరికా ఉద్యోగమైతే ఇక చెప్పక్కర్లేదు. 1920లో ఎడ్వర్డ్ థార్న్‌డైక్ సైన్యంలో అధికారులు కింది వాళ్ళకు వేసిన మార్కుల్లో ఇదే చూశాడు. ఒక గుణానికి ఎక్కువ మార్కులు పడితే, దానితో సంబంధంలేని గుణాలకు కూడా ఎక్కువే పడ్డాయి.

ఏం చేయాలంటే, మీరు నమ్ముతున్న పది గుణాలు రాసి, ఒక్కోదాని పక్కన “చూశాను” అనో “ఊహించాను” అనో రాయండి. ఊహ అని రాసినవాటికి చూసే అవకాశం కల్పించుకోండి. భవానీ ద్వీపానికి పడవ మీద వెళ్ళినప్పుడు అందరూ మంచివాళ్ళే. హోటల్లో ఆర్డరు తప్పు తెచ్చిన కుర్రాడితో ఎలా మాట్లాడారు, బస్టాండులో బస్సు గంట లేటైతే ఏం చేశారు, మీరు “వద్దు” అన్నప్పుడు మొహం ఎలా పెట్టారు, ఇవి చూడండి.

“ఏడేళ్ళ ప్రేమ కదా, ఇప్పుడు ఎలా వదులుకోవడం” అని అడిగేవాళ్ళకు ఒకే ప్రశ్న: ఈ మనిషిని నిన్ననే కలిసి, ఇప్పుడు తెలిసినవన్నీ తెలిసి ఉంటే, మొదలుపెట్టేవారా? పోయిన ఏడేళ్ళు ఎలాగూ తిరిగి రావు. లెక్కలోకి రావాల్సింది ముందున్నవి.

## 7. పన్నెండో రోజు: అడగండి

రాసుకున్న కారణాల్లో ఏది నిజమో తేల్చగలిగేది ఒక్కరే, వాళ్ళను అడగాలి. “పదేళ్ళు కాపురం చేశాక కూడా చెప్పాలా? తనకే తెలియాలి” అంటారు చాలామంది. కెన్నెత్ సవిట్‌స్కీ బృందం 2011లో దీన్నే పరీక్షించింది. రెండు మూడు అర్థాలొచ్చే మాటలను దంపతులు ఒకరికొకరు చెప్పుకున్నారు, పరాయివాళ్ళూ చెప్పారు. తమ మాట జీవిత భాగస్వామికి బాగా అర్థమవుతుందని వాళ్ళు నమ్మారు. తీరా చూస్తే పరాయివాళ్ళకు అర్థమైనంతే అర్థమైంది. దగ్గరితనం వల్ల నమ్మకమే పెరిగింది తప్ప అర్థమవడం పెరగలేదు.

అడిగే వరస ఇది:

1. ఎడమ పక్క రాసింది చెప్పండి. “మొన్న ఆరున్నర అన్నారు, ఏడుంపావు అయింది. రెండుసార్లు ఫోన్ చేశాను.”
2. కుడి పక్కది మీదిగా చెప్పండి. “నా టైముకు విలువ లేదేమో అనిపించిందండీ.”
3. అడిగి ఆగండి. “అసలేం జరిగింది?”

మూడోదాని తర్వాత ఆగడమే కష్టం. జవాబు సగంలో “అదే మరి, మీరెప్పుడూ...” అని నోటిదాకా వస్తుంది. మంచినీళ్ళు తాగండి.

భోజనానికి ముందు వద్దు. పెద్దవాళ్ళు హాల్లో ఉండగా వద్దు, వాళ్ళు తీర్పు చెప్పకుండా ఉండలేరు. బండి మీద వెనక కూర్చుని కనకదుర్గ ఫ్లైఓవర్ ఎక్కాక అస్సలు వద్దు. గాలికి సగం మాటలు వినిపించవు, వినిపించిన సగమే గొడవకు చాలు. నాకు కలిసొచ్చింది రాత్రి భోజనాలయ్యాక డాబా మీద.

## 8. పద్నాలుగో రోజు: ఏడు నిమిషాల రాత

ఎలై ఫింకెల్ అనే మనస్తత్వవేత్త బృందం 2013లో ఒక ఫలితం ప్రకటించింది. 120 జంటలను రెండేళ్ళు గమనించారు. మొదటి ఏడాది అందరిలోనూ సంతృప్తి మెల్లగా తగ్గింది. రెండో ఏడాది సగంమంది చేత నాలుగు నెలలకొకసారి ఏడు నిమిషాలు రాయించారు, మొత్తం 21 నిమిషాలు. రాసినవాళ్ళలో ఆ తగ్గుదల ఆగింది.

వాళ్ళు రాసినది ఇలాంటిదే:

- ఈమధ్య జరిగిన ఒక గొడవను, మీ ఇద్దరి మంచీ కోరే మూడో మనిషి చూస్తే ఎలా చెబుతారు? ఆ గొడవలో పనికొచ్చేది ఏమైనా వాళ్ళకు కనిపిస్తుందా?
- గొడవ మధ్యలో అలా చూడటానికి మీకు అడ్డొచ్చేది ఏమిటి?
- వచ్చే నాలుగు నెలల్లో ఆ అడ్డును ఎలా దాటుతారు?

మూడో మనిషిని ఎంచుకోవడంలో తొందర వద్దు. మీ అన్నయ్య పనికిరాడు, మీ ఆడపడుచూ పనికిరాదు. రెండు వైపులా చుట్టరికం ఉండి, ఎవరి తప్పు వాళ్ళకు మొహం మీదే చెప్పే మేనత్త ఒకరు చాలా ఇళ్ళలో ఉంటారు. ఆమె గొంతులో రాయండి, “ఏమే, నువ్వు మాత్రం తక్కువదానివా?” అని మొదలైనా పర్లేదు. ఆమెకు ఫోన్ చేయకండి, గొంతు మాత్రమే అరువు తెచ్చుకోండి.

## 9. ఎక్కడ చెడుతుంది, ఎలా సరిచేయాలి

కొత్త మాటలతో కొట్టడం. నేర్చుకున్న వారానికే “నువ్వు అన్నీ ఒకే కళ్ళద్దాలతో చూస్తున్నావు” అని ఎదుటివాళ్ళ మీద ప్రయోగిస్తారు. ఇందులోని ఏ మాటనూ “నువ్వు”తో మొదలుపెట్టకండి, “నేను”తోనే చెప్పండి.

పుస్తకం దొరకడం. దాచిపెట్టి దొరికితే అది డైరీలా కాదు, నిఘాలా కనిపిస్తుంది. మొదటి రోజే “నా కోపం గురించి రాసుకుంటున్నాను” అని ఒక మాట చెప్పండి.

చివరి రోజును బట్టి మొత్తం తేల్చేయడం. పదమూడు రోజులు బాగా నడిచి పద్నాలుగో రోజు గొడవైతే “అంతా దండగ” అనిపిస్తుంది. ఆఖరున జరిగింది మొత్తం జ్ఞాపకాన్ని మింగేస్తుంది. వెనక పేజీలు తిప్పి గీతలూ చుక్కలూ మళ్ళీ లెక్కపెట్టండి.

మంచి భ్రమను కూడా చెరిపేయాలనుకోవడం. కొందరు అతిగా పోయి, భాగస్వామిని కాస్త ఎక్కువగా మెచ్చుకోవడం కూడా తప్పేనేమో అని అడుగుతారు. కాదు. సాండ్రా మర్రే బృందం 1996లో చెప్పింది ఏమిటంటే, భాగస్వామిని వాళ్ళకు వాళ్ళు అనుకునేదానికన్నా కొంచెం మెరుగ్గా చూసేవాళ్ళకు తమ బంధంలో తృప్తి ఎక్కువ. మీ ఆవిడ వంట గుంటూరు జిల్లాలోనే మొదటిదని మీరు నమ్ముతుంటే దానికి పుస్తకంలో గీత కొట్టి ఋజువులు వెతక్కండి.

ఒక్కరే చేయడం. అయిదో మెట్టు తప్ప అన్నీ ఒక్కరే చేయవచ్చు. కానీ మూడు నెలలు మీరొక్కరే రాసి, మీరొక్కరే అడిగి, అవతలి నుంచి “నాకు టైము లేదు” అనే జవాబే వస్తుంటే, అది ఎడమ పక్క రాయాల్సిన విషయం. కౌన్సెలర్ దగ్గరకు వెళ్ళేటప్పుడు ఆ పేజీలు తీసుకెళ్ళండి, గంట మాటలు ఆదా అవుతాయి.

## 10. రెండు వారాలయ్యాక

- మూడో మెట్టు: గొడవైన రెండు రోజులకు మాత్రమే. రోజూ అక్కర్లేదు.
- నాలుగో మెట్టు: “ఎప్పుడూ” అనే మాట నోటి నుంచి వచ్చినప్పుడు.
- అయిదో మెట్టు: ఆరు నెలలకొకసారి, లేదా ఇంట్లో ఏదైనా మారినప్పుడు. బిడ్డ పుట్టినా, ఉద్యోగం మారినా, అమ్మానాన్న వచ్చి ఉన్నా.
- ఎనిమిదో మెట్టు: నాలుగు నెలలకొకసారి. సంక్రాంతికి ఒకటి, వేసవి సెలవుల్లో ఒకటి, దసరాకు ఒకటి అని పెట్టుకుంటే మర్చిపోరు.

పుస్తకం ఏం చేయాలని కూడా అడుగుతున్నారు. గొడవల పేజీలు చించేయండి, పదేళ్ళ తర్వాత ఎవరికీ పనికిరావు. శాతాల కాగితం మాత్రం ఉంచండి. మాది ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద ఉంది. పోయిన నెల మళ్ళీ వేసుకుంటే 118 వచ్చింది.